ఆరెంజ్ అలర్ట్ వస్తే నిజంగా ఏం చేయాలి? (కడప, బుగ్గవంక పక్క ఇల్లు)

బుగ్గవంక_గట్టు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కడప. ఊళ్లోంచి పారే బుగ్గవంక అనే వంకకు రెండు వీధుల అవతల కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ఆయన కువైట్‌లో. ఇక్కడ నేను, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మా అత్త. పోయిన వారం రెండు రోజులు మన జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ అన్నారు. సరే అని బియ్యం డ్రమ్ము మంచం మీదికెక్కించి, కొవ్వొత్తులు తెచ్చి, ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాం. రెండు రోజులూ ఎండ కాసింది. మా అత్త దుప్పట్లు ఉతికి ఆరేసుకుంది కూడా. మూడో రోజు ఎల్లో మాత్రమే. ఎల్లోనే కదా అని డ్రమ్ము కిందికి దించి, పిల్లల్ని ట్యూషన్‌కు పంపి నేను కూరగాయలకు పోయాను. సాయంత్రం ఒక్క గంట వాన, వీధి మొత్తం మోకాలి లోతు నీళ్లు, పిల్లలు ట్యూషన్‌లోనే, నేను ఎవరిదో అంగడి అరుగు మీద, అత్త ఇంట్లో ఒక్కతే. ఆ గంటన్నర నేను పడిన టెన్షన్ చెప్పలేను. డ్రమ్ము అడుగున బియ్యం తడిసిపోయాయి, అది వేరే సంగతి.

ఇంకోటి. యూట్యూబ్‌లో "సీమకు పెను ముప్పు" అని ఎర్ర అక్షరాలు కనబడితే చాలు, కువైట్ నుంచి ఫోన్. ఆ బొమ్మలో తిరిగే తుపాను ఏ ఏడాదిదో దేవుడికే తెలియాలి. మొన్న టీవీలో కృష్ణపట్నం పోర్టుకు మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని స్క్రోలింగ్ వేస్తే, మూడో నంబరంటే చివరిదా అని అడుగుతాడు. నాకేం తెలుసు?

నేను అడిగేది ఒకటే. ఈ రంగుల్ని మనలాంటి వాళ్లు ఎట్లా అర్థం చేసుకోవాలి, ఏది వస్తే ఏం చేయాలి? ప్రతిసారీ డ్రమ్ము ఎక్కించి దించడం నా వల్ల కాదు. అట్లని వదిలేస్తే ఏమైందో చూశాను.

మబ్బుల_లెక్క

అక్కా, నేను వాతావరణ శాఖ మనిషిని కాదు, ప్రొద్దుటూరులో బట్టల అంగడి నాది. రోజూ పొద్దున బులెటిన్ చదవడం ఒక పిచ్చి, అంతే. తెలిసింది చెప్తాను.

ముందు పోర్టు సంగతి తేల్చేద్దాం. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ఆ నంబర్లు ఓడలకు. సముద్రంలో ఉన్న వాళ్లకు, రేవులో లంగరు వేసిన వాళ్లకు చెప్పే భాష అది. కడపలో వాన ఎంత పడుతుందో దానికీ సంబంధం లేదు. అట్లాగే ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అంటే అక్కడ కృష్ణలో వదిలే నీళ్ల లెక్క. టీవీ వాళ్లు అన్నిటినీ ఒకే ఎర్ర పట్టీలో వేస్తారు కాబట్టి అంతా మనకే అనిపిస్తుంది. అన్నకు ఈ ముక్క చెప్పండి, సగం ఫోన్లు తగ్గుతాయి.

ఇప్పుడు రంగులు. గ్రీన్ అంటే హెచ్చరిక ఏమీ లేదు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు. రెడ్ అంటే ఇక ఏదో ఒకటి చెయ్యి. చాలామంది పొరబడేది ఇక్కడే, రంగంటే వాన ఎంత పడుతుందో చెప్పే కొలత అనుకుంటారు. వాన పడే అవకాశం ఎంత, పడితే జరిగే నష్టం ఎంత, ఈ రెండూ కలిపి చూసి రంగు వేస్తారు. అవకాశం కొంచెమే ఉన్నా, పడితే ఊరు మునుగుతుందనుకుంటే ఆరెంజ్ రావచ్చు. అందుకే ఆరెంజ్ రోజు ఎండ కాసినంత మాత్రాన అబద్ధం చెప్పారని కాదు.

రంగు కింద రాసిన మాట చదవాలి, అసలు విషయం అందులో ఉంటుంది. "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. "అతి భారీ" అంటే అక్కడి నుంచి 204.4 దాకా. ఆ పైన "అత్యంత భారీ". మన అనంతపురంలో ఏడాదంతా పడేది సుమారు 550 మి.మీ. అని గుర్తుంచుకుంటే, ఒక్క రోజులో 204 అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

దాని పక్కనే "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల" అని ఉంటుంది. మనం దాటేసి పోతాం గానీ అవి ఊరికే వేసిన మాటలు కావు. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ. కొన్ని చోట్ల అంటే సగం దాకా. చాలా చోట్ల అంటే ముప్పావు దాకా. "కడప జిల్లాలో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షం" అన్నప్పుడు అది బద్వేలు అవతల పడి మీ ఇంటి మీద చినుకు రాలకపోయినా ఆ అంచనా తప్పినట్టు కాదు. మీ రెండు రోజుల ఎండ బహుశా అదే.

ఇంకో తిరకాసు, వాళ్ల రోజు మన రోజు కాదు. పొద్దున 8:30 నుంచి మర్నాడు పొద్దున 8:30 దాకా ఒక రోజు. "రేపు ఆరెంజ్" అంటే ఎల్లుండి తెల్లవారుజాము కూడా అందులోకే వస్తుంది. చాలామంది రేపు రాత్రి పడుకునేటప్పుడు గండం గడిచింది అనుకుంటారు. అసలు వాన అప్పుడు మొదలవుతుంది.

మరి ఎల్లో రోజు ఎందుకు మునిగారు? రంగు లెక్క 24 గంటలది, మీ వీధి కాలువ లెక్క గంటది. 60 మి.మీ. రోజంతా సన్నగా పడితే భూమి తాగేస్తుంది, దాన్ని "భారీ" అని కూడా అనరు. అదే 60 ఒక్క గంటలో పడితే చదరపు కిలోమీటరుకు ఆరు కోట్ల లీటర్ల నీళ్లు. ఏ కాలువ మోస్తుంది? సాయంత్రం ఉరుముల వానలు ఇట్లాగే ఉంటాయి, ముందురోజు ఏ వీధి మీద పడతాయో ఎవరూ చెప్పలేరు. వాటికి వేరే హెచ్చరిక ఉంది, వచ్చే మూడు గంటలకు మాత్రమే ఇచ్చేది, నౌకాస్ట్ అంటారు. రాడార్‌లో మబ్బు కనబడ్డాక ఇస్తారు కాబట్టి దాన్ని నమ్మొచ్చు. ఎల్లో ఉన్న రోజు మధ్యాహ్నం మూడుకొకసారి, అయిదుకొకసారి అది చూసుకోండి, చాలు. పిల్లల్ని ట్యూషన్‌కు పంపాలా వద్దా అనేది పొద్దున రంగును బట్టి కాదు, పంపే ముందు వచ్చిన నౌకాస్ట్‌ను బట్టి తేల్చుకోండి.

సీమ_ఎండ

ఏందప్పా ఇంత లెక్కలు. మా తాత చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కుతుంటే చూసి చెప్పేవాడు వాన వస్తదని. సెల్లూ లేదు శాటిలైటూ లేదు. ఈ అలర్ట్‌లన్నీ స్కూళ్లకు సెలవు ఇచ్చేదానికి పనికొస్తాయి.

హంద్రీ_ఒడ్డు

సీమ_ఎండ అన్నా, మా నాయన కూడా ఇదే మాట అనేవాడు. మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు మొదట్లో నేను ఇంటర్ చదువుతున్నా. మైకు పెట్టుకుని ఆటో వీధిలో తిరిగింది, ఎత్తు ప్రాంతాలకు పోండి అని. మా నాయన గోడ మీద ఒక గీత చూపించి, "నేను పుట్టినప్పటి నుంచి నీళ్లు దీన్ని దాటలేదు" అన్నాడు. ఆ రాత్రి ఆ గీత ఎక్కడుందో మాకు కనబడలేదు. మిద్దె మీద రెండు రాత్రులు, ఒక టార్పాలిన్, బిస్కెట్ పాకెట్లు మూడు. తాగే నీళ్లు లేవు, చుట్టూ అన్నీ నీళ్లే.

దీని తప్పు చీమల మీదా వేయలేం, నాయన మీదా వేయలేం. మా ఊళ్లో పడిన వాన ఒక్కటే అయితే ఆయన గీత నిజమే అయ్యేది. వచ్చింది పైనుంచి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి తెచ్చాయి, కిందేమో శ్రీశైలం నిండి ఉంది. ఆ వరదలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయని తర్వాత పేపర్లలో చదివాం, డ్యామ్ కట్టేటప్పుడు లెక్క వేసుకున్న దాని కంటే అది చాలా ఎక్కువ. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. చీమకు మన గోడ కింద తేమ తెలుస్తుందేమో గానీ కర్ణాటకలో పడిన వాన తెలియదు కదా.

అక్కా, మీకు నేను చెప్పేది ఒకటే. మన సీమలో జనాన్ని ముంచింది చాలాసార్లు నెత్తిమీద పడిన వాన కాదు, పైనుంచి వచ్చిన నీళ్లు. మీ ఊరికే చూడండి. 2020 నవంబరులో నివర్ తుపాను తీరం దాటింది పుదుచ్చేరి దగ్గర, అక్కడికీ కడపకూ దాదాపు మూడొందల కిలోమీటర్లు. అయినా బుగ్గవంక ఊళ్లోకి వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట కొట్టుకుపోయినప్పుడు అసలు తుపానే లేదు, వాయుగుండం మాత్రమే. వాయుగుండమా, తుపానా, తీవ్ర తుపానా అనేది గాలి వేగాన్ని బట్టి పెట్టే పేరు. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను. వానకు ఆ పేరుతో పనిలేదు. "వాయుగుండమే లే" అనే మాట నాకు ఇప్పుడు వినబడితే ఒళ్లు మండుతుంది.

సీమ_ఎండ

సరేలే తమ్ముడూ, ఊరికే అన్నా. మా ఇల్లు గుట్ట మీద, అందుకే ఇట్లా మాట్లాడుతున్నా.

పండమేరు_పక్కోడు

అనంతపురం నుంచి. హంద్రీ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు. 2022 అక్టోబరులో మా కాలనీ రాత్రికి రాత్రి మునిగింది, 2024 అక్టోబరులో మళ్లీ మా పండమేరు వంక పొంగింది, రెండోసారి అసలు వాన పైన కనగానపల్లి వైపు. ఇక్కడ కరువు సీమలో ఇల్లు కొనేటప్పుడు బోరులో నీళ్లు పడతాయా అని అడుగుతాం గానీ, ఇంట్లోకి నీళ్లు వస్తాయా అని ఎవడు అడుగుతాడు? ఏళ్లకేళ్లు ఎండిపోయి ఉంటే వంకను వంక అని మరిచిపోతాం. ప్లాట్లు వేస్తాం. వంకకు మాత్రం దాని దారి గుర్తుంటుంది.

రంగుల సంగతి ప్రొద్దుటూరు అన్న చెప్పాడు, నేను ఇంట్లో పనుల సంగతి చెప్తా. నీళ్లు మొదట గుమ్మంలోంచి రావు అక్కా. బాత్రూంలోంచి వస్తాయి. బయట మురుగు కాలువ నిండగానే కింది పోర్షన్‌లో ఆ జాలీ బొక్కలోంచి బుడబుడమని పైకి తంతుంది. మేము గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టి కాపలా కూర్చుంటే వెనక నుంచి వంటింట్లోకి వచ్చేశాయి. ఒక పాత గుడ్డను ప్లాస్టిక్ కవర్‌లో మూట కట్టి ఆ బొక్కలో కుక్కి పైన ఇసుక బస్తా పెట్టండి. అది బుడబుడలాడడం మొదలైతే, వాన ఆగినా సరే, మీకు ఎక్కువ సమయం లేదని అర్థం.

డ్రమ్ము ప్రతిసారీ ఎక్కించడం ఎందుకు, వానాకాలం అయ్యేదాకా నాలుగు సిమెంటు ఇటుకల మీద పెట్టేయండి, డిసెంబరు చివర్లో దించుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అంతే. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, అత్తగారి మందుల చీటీ ఒక జిప్ కవర్‌లో వేసి బీరువాలో కాదు, తలుపు వెనక మేకుకు సంచీలో తగిలించండి. మా సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉండేవి. బీరువా ఉబ్బి తలుపు రాలేదు, గునపంతో పగలగొట్టాం. మా చెల్లెలి డిగ్రీ సర్టిఫికెట్ ఇప్పటికీ అప్పడంలా ఉంటుంది.

ఆరెంజ్ రోజు చేయాల్సినవి ఇంకో రెండు. కరెంటు ఉండగానే పై ట్యాంకు నిండా నింపుకోండి, ఎందుకంటే సంప్‌లోకి మురుగు కలిస్తే వారం రోజులు ఆ పై ట్యాంకు నీళ్లే గతి. బండిని ఎత్తులో ఎవరింటి ముందైనా పెట్టండి. నీళ్లు గడప తాకకముందే మెయిన్ ఆఫ్ చేయండి, పాదాలు తడిగా ఉన్నప్పుడు బోర్డు దగ్గరికి పోవద్దు. నీళ్లు తీసేశాక కూడా ఎలక్ట్రీషియన్ చూడకుండా ఆన్ చేయొద్దు. మునిగిన బండి స్టార్ట్ చేయొద్దు, మా బావమరిది చేసి ఇంజన్ పోగొట్టుకున్నాడు. కడిగేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి, నష్టం రాసుకోవడానికి వచ్చిన వాళ్లు "ఎక్కడ మునిగింది, శుభ్రంగానే ఉంది కదా" అన్నారు మాతో.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటొద్దు. చప్టా మీద పాదం మునిగే నీళ్లేలే అనిపిస్తుంది. ఉరవడి ఉంటే అడుగు లోతు చిన్న కారును పక్కకు నెడుతుంది, రెండడుగులైతే చాలా బండ్లు తేలిపోతాయి. పైగా కింద చప్టా ఉందో, కోసుకుపోయిందో ఆ ఎర్ర నీళ్లలో కనబడి చావదు.

బుడ్డల_చేను

కళ్యాణదుర్గం పక్కన మాది. మీరంతా వరద గురించే మాట్లాడుతున్నారు, మా పల్లెల్లో వరద కంటే పిడుగు ఎక్కువ మందిని తీసుకుపోతుంది. బుడ్డలు, అదే వేరుశెనగ, పీకే టైముకే ఉరుములు. కట్టె తడుస్తుందని టార్పాలిన్ కప్పడానికి చేనంతా పరిగెత్తేది అప్పుడే, పిడుగు పడేదీ అప్పుడే.

మండలం పేరు పెట్టి ఫోనుకు మెసేజ్ వస్తుంది, ఫలానా మండలాల్లో పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద ఉండొద్దు అని. విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్లు పంపేది. అది వచ్చిందంటే రేపటి సంగతి కాదు, ఇప్పటి సంగతి. దామిని అని ఒక యాప్ ఉంది, మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. సిగ్నల్ లేకపోతే చెవులు ఉన్నాయి కదా. మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టు, మూడు అంకెలకు ఒక కిలోమీటరు. ముప్పై లోపలే ఉరుము వినబడితే పార అక్కడే పారేసి పక్కా ఇంట్లోకి పోవడమే. చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావద్దు. వాన తగ్గింది కదా అని గొర్రెలు తోలుకొద్దామని పోయినవాళ్లే ఎక్కువ పోతారు మా దిక్కు.

గడ్డి బోదె గుడిసె పనికిరాదు, ట్రాక్టర్ కింద దూరితే పనికిరాదు, అద్దాలు ఎక్కించిన కారు పనికొస్తుంది. ఏమీ లేకపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చో, పండుకోవద్దు, నలుగురూ ఒకచోట గుంపుగా ఉండొద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాక్ కొడుతుందని మా ఊళ్లో ఒక పిల్లోణ్ణి దగ్గరికి పోకుండా చూస్తూ నిలబడ్డారు. ఒంట్లో కరెంటు ఏమీ ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు, ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కాలి, 108కి చేయాలి. ఈ ఒక్క ముక్క పది మందికి చెప్పండి సామీ.

బుగ్గవంక_గట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. బాత్రూం బొక్క మాట అక్షరాలా నిజం, మొన్న కూడా మొదట అక్కడి నుంచే వచ్చాయని అత్త చెప్పింది, నేను నమ్మలేదు.

ఇంకా రెండు అడగాలి. పైనుంచి వచ్చే నీళ్లే అసలు ప్రమాదం అంటున్నారు కదా, అది నాకెట్లా తెలుస్తుంది? బుగ్గవంక డ్యామ్ గేట్లు ఎత్తేది రాత్రిపూట అయితే? రెండోది, ఇల్లు ఎప్పుడు వదలాలి? మా అత్త కదలదు. "2001లో కూడా చూశాను, నేను రాను" అంటుంది. పెద్దమ్మ వాళ్లది మూడో అంతస్తు, వాళ్లు రమ్మంటున్నారు, ఇబ్బంది లేదు. కానీ ప్రతి ఆరెంజ్‌కూ మూట కట్టుకుని పోతే వాళ్లు మాత్రం ఎన్నిసార్లు రమ్మంటారు?

మబ్బుల_లెక్క

మొదటిదానికి. వాన గురించి చెప్పేది ఒకరు, నీళ్ల గురించి చెప్పేది ఇంకొకరు అక్కా. వాన సంగతి వాతావరణ శాఖ. పెన్నలాంటి నదుల్లో నీటి మట్టం కేంద్ర జల సంఘం చూస్తుంది, వాళ్లకు ఫ్లడ్‌వాచ్ ఇండియా అని యాప్ ఉంది. బుగ్గవంకలాంటి చిన్న ప్రాజెక్టు గేట్ల సంగతి మాత్రం నీటిపారుదల వాళ్లది, అక్కడి నుంచి రెవెన్యూకు, సచివాలయానికి, దండోరాకు వస్తుంది. ఇది రావడానికి టైము పడుతుంది, అర్ధరాత్రి అయితే మరీ. అందుకే మీ వీధి వాట్సాప్ గ్రూపులో మీకంటే పైన, డ్యామ్ వైపు ఉండేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేటట్టు చూసుకోండి. అసలైన నౌకాస్ట్ వాళ్లే. ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు కాదు, కిటికీలోంచి చూసి చెప్పేవాళ్లు.

డ్యామ్ ముందే నిండి ఉందా లేదా అనేది కూడా చూడండి. ఖాళీగా ఉంటే ఆరెంజ్ వాన దాని కడుపులోకి పోతుంది. నిండి ఉండి, పైన చెరువులు మరవ (అలుగు) పారుతున్నాయంటే, ఇక పడిన ప్రతి చుక్కా మీ వైపే. జూన్ ఆరెంజ్, నవంబరు ఆరెంజ్ ఒకటి కాదనేది దీని వల్లే. మన ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చేసరికి భూమి తడిసి, చెరువులు నిండి ఉంటాయి.

ఫోన్ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉందో చూసుకోండి. 2023లో టెస్ట్ మెసేజ్ వచ్చి ఫోన్లన్నీ ఒక్కసారి కూతపెట్టినప్పుడు భయపడి చాలామంది ఆఫ్ చేసేశారు. మా ఆవిడ కూడా. అది సైలెంట్‌లో ఉన్నా మోగేది, రాత్రిపూట మిమ్మల్ని లేపగలిగింది అదే. ప్రభుత్వం హెచ్చరికలు పంపే సచేత్ యాప్ కూడా వేసుకోవచ్చు. సహాయానికి 112, 1070, లేదా 1800 425 0101, ఇవి గోడ మీద రాయండి. ఫోన్లో సేవ్ చేస్తే చార్జింగ్ అయిపోయిన రోజు ఉపయోగం లేదు, పక్కింటివాళ్ల ఫోనులోంచి చేయాల్సి రావచ్చు.

హంద్రీ_ఒడ్డు

రెండోదానికి నేను చెప్తా. అప్పటికప్పుడు తేల్చుకుందాం అనుకుంటే ఎవరూ తేల్చుకోలేరు, మా నాయనను చూశాను కదా. నీళ్లు లేని రోజు కూర్చుని ముందే అనుకోవాలి, ఇది జరిగితే లేస్తాం అని. మీకైతే నా లెక్క ఇది. ఎల్లో అయితే ఇంట్లోనే ఉండండి, నౌకాస్ట్ చూసుకోండి. ఆరెంజ్ వచ్చి, డ్యామ్ నిండి ఉంటే అత్తగారిని మాత్రం పగటి పూట పెద్దమ్మ వాళ్లింటికి పంపండి, మీరు పిల్లలతో ఉండొచ్చు, ఎందుకంటే మీరు పది నిమిషాల్లో కదలగలరు, ఆమె కదలలేదు. రెడ్ వచ్చినా, గేట్లు ఎత్తుతున్నారని దండోరా వచ్చినా అందరూ. ఎన్నిసార్లు ఉత్తగా పోయినా సరే. ఏడాదికి అట్లాంటివి ఎన్ని వస్తాయి, రెండా మూడా? పెద్దమ్మకు ఒక కిలో మైసూర్‌పాక్ పట్టుకుపోతే సరిపోతుంది.

చీకటి పడ్డాక నీళ్లలో దిగి నడవడం మాత్రం వద్దు. కర్నూల్లో మా ఎదురింటాయన అట్లాగే మ్యాన్‌హోల్‌లో కాలు పెట్టాడు. ఆలస్యమైపోయిందనుకుంటే అదే బిల్డింగ్ పైకెక్కండి, బయటికి కాదు. పై పోర్షన్ వాళ్లతో ఇప్పుడే ఒక మాట అనుకోండి, మెట్ల గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. మా పక్కింటి మిద్దె గేటుకు ఆ రాత్రి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి హైదరాబాద్‌లో.

పండమేరు_పక్కోడు

తాళం మాట బాగా చెప్పినావు. మాకూ అదే. ఓనరు ఊళ్లో లేడు.

బుగ్గవంక_గట్టు

అప్‌డేట్. మెట్ల గేటు తాళంచెవి ఇంకోటి చేయించాను, పై వాళ్లు ఏమీ అనుకోలేదు, వాళ్లకూ ఇప్పుడే గుర్తొచ్చిందట. డ్రమ్ము ఇటుకల మీద పెట్టాను. వీధి గ్రూపులో పై వైపు నుంచి ఇద్దరిని చేర్చాను, ఒకాయన పాలు పోసే ఆయన, రోజూ తెల్లవారుజామున నాలుగింటికి వంతెన దాటి వస్తాడు కాబట్టి వంక చూడకుండా ఉండడు.

అత్తతో కూర్చుని మాట్లాడాను. రంగుల సంగతి చెప్తే నవ్వింది. తనకు తెలిసిన రంగు ఒకటేనట, వంకలో నీళ్లు నల్లగా మురుగులా ఉన్నంతసేపు భయం లేదు, ఎర్రగా మారి కంపచెట్లు కొట్టుకొస్తున్నాయంటే పైన వాన పడినట్టు, అప్పుడు చెప్తే లేస్తానంది. ఇది నిజమేనా?

మబ్బుల_లెక్క

నిజమే అక్కా, ఆమె చెప్పింది ఏ బులెటిన్‌కూ తీసిపోదు. ఎర్ర మట్టి రంగు, చెత్తా కంపా, దూరం నుంచి హోరు, ఈ మూడూ పైన వరద మొదలైన గుర్తులే. కాకపోతే అది కనబడే సమయానికి నీళ్లు బయల్దేరి మీ వైపు వస్తుంటాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ టైము చాలదు. రాత్రిపూట రంగు కూడా కనబడదు.

బుగ్గవంక_గట్టు

ఆ మాటే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే పగలే పోదాంలే, నా తమలపాకుల డబ్బా మరిచిపోవద్దు" అంది. జిప్ కవర్ పక్కనే మేకుకు దాన్ని కూడా తగిలించాను. ఆయనకు ఫోటో పంపితే కువైట్ నుంచి ఒకటే నవ్వు.